బాట్‌నెట్ ఎంత పెద్దది? లెక్క కట్టే పద్ధతులు, లెక్క తప్పే చోట్లు

అందరికీ నమస్కారం. బాట్‌నెట్ అంటే మాల్‌వేర్ (హానికర ప్రోగ్రామ్) సోకి, యజమానికి తెలియకుండా నేరగాళ్ల ఆదేశాలు వినే మెషీన్ల గుంపు; అందులో ఒక్కో మెషీన్ ఒక బాట్. నేరుగా ఒక అంకెతో మొదలుపెడతాను. 2024 మే నెలలో అమెరికా న్యాయశాఖ 911 ఎస్5 అనే ప్రాక్సీ బాట్‌నెట్‌ను (ఇతరుల ట్రాఫిక్‌ను సోకిన మెషీన్ల మీదుగా దాటించేది) మూయించామని ప్రకటించింది. ఆ బాట్‌నెట్‌తో ముడిపడినవి 1.9 కోట్లకు పైగా ఐపీ అడ్రస్‌లు అని ఆ ప్రకటనలో ఉంది. చాలా వార్తల్లో అది 1.9 కోట్ల కంప్యూటర్లు అయిపోయింది. ఐపీ అడ్రస్ అంటే ఇంటర్నెట్ కనెక్షన్‌కు ఇచ్చే నంబర్, అది మారుతూ ఉండొచ్చు. ఐపీ అడ్రస్ వేరు, కంప్యూటర్ వేరు. ఈ రెండింటి మధ్య తేడా ఒకటో రెండో శాతం ఉంటే పట్టించుకోనక్కర్లేదు. కానీ ఆరేడు రెట్లు, కొన్నిసార్లు పాతిక రెట్లు ఉంటుంది. ఆ తేడా ఎక్కడ పుడుతుందో, దాన్ని ఎలా తగ్గించుకోవాలో ఇవాళ చూద్దాం.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. బాట్‌నెట్ సైజు అన్నప్పుడు మనం రెండు వేర్వేరు ప్రశ్నలను కలిపేస్తుంటాం. మొదటిది: ఇప్పటిదాకా మొత్తం ఎన్ని మెషీన్లకు ఇది సోకింది? దీన్ని ఫుట్‌ప్రింట్ అంటారు. రెండోది: ఈ గంటలో కమాండ్ ఇస్తే ఎన్ని మెషీన్లు వింటాయి? దీన్ని లైవ్ పాపులేషన్ అంటారు. రైల్వే స్టేషన్‌లో పొద్దుట్నుంచి ఎంతమంది దిగారన్నది ఒక లెక్క, ఇప్పుడు ప్లాట్‌ఫారం మీద ఎంతమంది ఉన్నారన్నది ఇంకో లెక్క. దాడి ఎంత గట్టిగా ఉంటుందో తెలియాలంటే రెండోది కావాలి. ఎంతమంది పాస్‌వర్డ్‌లు పోయాయో తెలియాలంటే మొదటిది కావాలి. ఏ లెక్కో చెప్పకుండా అంకె ఒక్కటే చెబితే దాని మీద వాదించడం కూడా దండగ.

ఈ తేడా అంకెల్లో ఎలా ఉంటుందో, పాస్‌వర్డ్‌లు, బ్యాంకు వివరాలు దొంగిలించే టోర్పిగ్ అనే బాట్‌నెట్ చూపించింది. శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2009 జనవరి 25 నుంచి ఫిబ్రవరి 4 దాకా, పది రోజులపాటు ఈ బాట్‌నెట్‌ను తమ చేతిలోకి తీసుకున్నారు. టోర్పిగ్ బాట్లు తేదీని బట్టి డొమైన్ పేర్లు తామే పుట్టించుకుని వాటికి ఫోన్ చేసేవి, అంటే ఆదేశాల కోసం ఆ పేరుతో ఉన్న సర్వర్‌ను సంప్రదించేవి. ఆ అల్గారిదమ్‌ను విప్పి చూసి, రాబోయే వారాల డొమైన్లను నేరగాళ్ల కంటే ముందే కొనేశారు. ఫిబ్రవరి 4న అవతలివాళ్లు కొత్త వెర్షన్ నెట్టి అల్గారిదమ్ మార్చడంతో ఆ పట్టు పోయింది.

ఆ పది రోజుల్లో సర్వర్‌కు తగిలిన ఐపీలు 12,47,642. ఇక్కడితో ఆగిపోతే "12 లక్షల బాట్‌నెట్" అని శీర్షిక వచ్చేది. కానీ టోర్పిగ్ బాట్ ప్రతిసారీ పంపే హెడర్‌లో కొన్ని గడులు ఉండేవి: మెషీన్‌కు తనకు తెలిసిన ఐపీ, ఆపరేటింగ్ సిస్టమ్, దేశం, బిల్డ్, వెర్షన్, వీటితోపాటు హార్డ్ డిస్క్ మోడల్, సీరియల్ నంబర్ల నుంచి తీసిన ఒక గుర్తింపు సంఖ్య. ఐపీ మారినా డిస్క్ మారదు కదా. ఆ గుర్తింపు సంఖ్యలు లెక్కబెడితే 1,80,835 వచ్చాయి.

వాళ్లు అక్కడా ఆగలేదు. ఒకే గుర్తింపు సంఖ్య రెండు మెషీన్లకు ఉండొచ్చు. అందుకని మిగతా గడులనూ కలిపి చూస్తే 1,82,914 అయింది. అందులోంచి 40 తీసేశారు, ఎందుకంటే అవి వర్చువల్ మెషీన్ల డిస్క్ సీరియల్ నంబర్లు, అంటే ఎవరో పరిశోధకులు శాంపిల్‌ను ల్యాబ్‌లో నడుపుతున్నారన్నమాట. ఇంకో 74 తీసేశారు, ఎందుకంటే అవి బాట్‌లా మాట్లాడలేదు, సర్వర్‌ను తడిమి చూసి పోయాయి. చివరికి మిగిలింది 1,82,800. ఐపీల లెక్కకూ దీనికీ మధ్య దాదాపు 6.8 రెట్ల తేడా. ఒకానొక మెషీన్ ఆ పది రోజుల్లోనే 694 సార్లు ఐపీ మార్చుకుంది!

ఇక లైవ్ పాపులేషన్ సుమారు 49 వేలు. ఒకే బాట్‌నెట్, అవే పది రోజులు, అదే సర్వర్. ఒక అంకె 12 లక్షలు, ఒకటి 1.8 లక్షలు, ఒకటి 49 వేలు. ఏదీ అబద్ధం కాదు. దేనికి ఏ పేరు పెట్టారన్నదే తేడా.

ఇప్పుడు సింక్‌హోల్ దగ్గరికి వద్దాం. పని చేసేవాళ్లు ఎక్కువమంది వాడేది ఇదే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. మాల్‌వేర్ శాంపిల్‌ను విప్పి, అది ఏ డొమైన్లను వెతుకుతుందో కనుక్కుంటారు. ఆ డొమైన్ రిజిస్టర్ చేస్తారు, లేదా కోర్టు ద్వారా, రిజిస్ట్రీ ద్వారా తీసుకుంటారు. దాన్ని తమ సర్వర్ వైపు తిప్పుతారు. వచ్చే ప్రతి కనెక్షన్‌నూ లాగ్ చేస్తారు. వినడానికి ఇంతే.

లాగ్‌లో ఒక వరుస చూడండి, డాక్యుమెంట్ల కోసం కేటాయించిన నమూనా అడ్రస్‌తో చెబుతాను. సమయం 07:14:52, యూటీసీ. సోర్స్ ఐపీ 198.51.100.23. సోర్స్ పోర్ట్ 41822. ఏ డొమైన్ పేరుతో వచ్చిందో. ఏ పేజీ అడిగిందో. బాడీలో ఏముందో. ఇందులో కొత్తవాళ్లు వదిలేసేది సోర్స్ పోర్ట్, అంటే అవతలి వైపు ఆ కనెక్షన్‌కు వాడిన నంబర్. వెబ్ సర్వర్ల మామూలు లాగ్ ఫార్మాట్‌లో అది ఉండదు, మనమే చేర్చుకోవాలి. మొబైల్ నెట్‌వర్కుల్లో ఒక్క పబ్లిక్ ఐపీ వెనక వందల మంది ఉంటారు. ఏ క్షణాన ఏ పోర్ట్ ఎవరిదన్నది ఆ ఆపరేటర్‌కు మాత్రమే తెలుసు. పోర్ట్ లేకుండా ఫిర్యాదు పంపితే వాళ్లు చేయగలిగింది ఏమీ ఉండదు. 2011లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6302 అనే ఇంటర్నెట్ సిఫార్సుల పత్రం చెప్పేది ఇదే: పోర్ట్, కచ్చితమైన సమయం, రెండూ లాగ్ చేయండి అని.

సింక్‌హోల్‌కు వచ్చే ప్రతి కనెక్షనూ బాట్ కాదు. సెర్చ్ ఇంజిన్ క్రాలర్లు వస్తాయి. ఇంటర్నెట్ మొత్తాన్నీ స్కాన్ చేసే కంపెనీలు వస్తాయి. మన డొమైన్ ఏదో బ్లాక్‌లిస్ట్‌లో కనబడిందని బ్రౌజర్‌లో తెరిచి చూసే కుతూహలం గలవాళ్లు వస్తారు. డొమైన్‌కు పాత యజమాని ఉంటే, అప్పటి మెయిల్, అప్పటి లింకులు వస్తాయి. కాన్‌ఫికర్ అనే వర్మ్ (తనంతట తానే వ్యాపించే మాల్‌వేర్) సి రకం పొట్టి పొట్టి డొమైన్ పేర్లు పుట్టించేది, అంత పొట్టి పేర్లలో కొన్ని అప్పటికే ఎవరివో నిజమైన సైట్లు. కాబట్టి జల్లెడ తప్పనిసరి. టీసీపీ హ్యాండ్‌షేక్ (కనెక్షన్ మొదట్లో రెండు వైపులా జరిగే పలకరింపు) పూర్తయిందా? అడిగిన పేజీ ఆ మాల్‌వేర్ అడిగే పద్ధతిలోనే ఉందా? బాడీని ఆ మాల్‌వేర్ కీతో విప్పితే అర్థవంతంగా వచ్చిందా? ఈ మూడూ దాటినదాన్నే బాట్ అనాలి. యూడీపీ (ఆ పలకరింపు లేకుండా ప్యాకెట్లు పంపే పద్ధతి) మాత్రమే వాడే బాట్‌నెట్ అయితే ఇంకా జాగ్రత్త, సోర్స్ ఐపీని ఎవరైనా అబద్ధం చెప్పగలరు. మనం పంపిన ఒక యాదృచ్ఛిక సంఖ్యకు సరైన జవాబు తిరిగి వస్తేనే లెక్కలోకి తీసుకోవాలి.

జవాబు ఏమివ్వాలన్నది కూడా కొలతను మారుస్తుంది. సర్వర్ ఎర్రర్ ఇస్తే కొన్ని బాట్లు వెంటనే తర్వాతి డొమైన్‌కు వెళ్తాయి. అది ఇంకో సంస్థ సింక్‌హోల్ అయితే, ఒకే మెషీన్ ఇద్దరి లెక్కల్లోనూ చేరుతుంది. తర్వాత ఆ ఇద్దరి అంకెలూ కూడి ఎవరో ప్రకటిస్తారు. ఈ కూడికలు తరచూ జరిగే తప్పు.

డొమైన్లు పుట్టించుకునే బాట్‌నెట్‌లలో మన వల ఎంత పెద్దదో ముందు లెక్క వేసుకోవాలి. కాన్‌ఫికర్ మొదటి రకాలు రోజుకు 250 డొమైన్లు పుట్టించేవి. సి రకం వచ్చేసరికి రోజుకు 50,000 పుట్టించి, అందులోంచి ఒక్కో బాట్ 500 మాత్రమే ఏరుకుని ప్రయత్నించేది. అంటే మన చేతిలో ఒక్క డొమైన్ ఉంటే, ఆ రోజు ఒక్కో బాట్ మనల్ని తట్టే అవకాశం నూటికి ఒకటి. వంద డొమైన్లు ఉంటే సుమారు 63 శాతం. 95 శాతం బాట్లు కనబడాలంటే రోజుకు దాదాపు 300 డొమైన్లు కావాలి. ఈ లెక్క వేయకుండా "మాకు ఇన్ని కనబడ్డాయి" అంటే, అది బాట్‌నెట్ కొలత కాదు, వల కొలత.

కాన్‌ఫికర్‌లో ఇంకో తమాషా ఉంది. బాట్ సర్వర్‌ను అడిగేటప్పుడు, తాను ఇప్పటిదాకా ఎన్ని మెషీన్లకు సోకించిందో ఆ సంఖ్య కూడా పంపేది. 2009 జనవరిలో ఎఫ్-సెక్యూర్ అనే భద్రతా సంస్థ ఆ సంఖ్యలను కూడి దాదాపు 90 లక్షలని అంచనా వేసింది. తెలివైన ఉపాయమే. కానీ లోపల ఒక చిక్కుంది. మొదటి మెషీన్ రెండోదానికి సోకించింది, కాబట్టి మొదటిది పంపే సంఖ్యలో రెండోది ఉంది. రెండోది కూడా నేరుగా మన సర్వర్‌కు తగిలితే మళ్లీ లెక్కలోకి వస్తుంది. పైగా నిన్న సోకి ఇవాళ శుభ్రమైన మెషీన్ ఆ సంఖ్యలోంచి తగ్గదు. అది చరిత్ర, వర్తమానం కాదు.

గుర్తింపు సంఖ్య లేని బాట్‌నెట్ అయితే ఐపీలే గతి. అప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన నిర్ణయం కిటికీ: ఎంతసేపటి ఐపీలను ఒక గుంపుగా లెక్కపెట్టాలి అన్నది. దీనికి రెండు హద్దులున్నాయి. కిటికీ, బాట్ ఫోన్ చేసే వ్యవధి కంటే పెద్దదిగా ఉండాలి, లేకపోతే బతికున్న బాట్లు కొన్ని మాట్లాడకముందే కిటికీ మూసుకుపోతుంది. అదే సమయంలో, ఐపీ మారే వ్యవధి కంటే బాగా చిన్నదిగా ఉండాలి, లేకపోతే ఒకే మెషీన్ రెండు మూడు సార్లు పడుతుంది. టోర్పిగ్ బాట్ 20 నిమిషాలకోసారి మాట్లాడేది. గంట కిటికీ పెడితే ఐపీల లెక్కా, గుర్తింపు సంఖ్యల లెక్కా దాదాపు కలిసిపోయాయి. కిటికీ పెంచేకొద్దీ రెండూ విడిపోతూ పోయాయి. జర్మనీలో కొన్ని డీఎస్‌ఎల్ కనెక్షన్లకు 24 గంటలకోసారి ఐపీ మారడం పాత అలవాటు. అక్కడ నెల రోజుల ఐపీలు కూడితే ఒక్క ఇల్లు ముప్పై ఇళ్లవుతుంది.

మరి రోజుకు ఒక్కసారే ఫోన్ చేసే బాట్ అయితే? గంట కిటికీలో ఇరవై నాలుగో వంతే కనబడతాయి. దాన్ని 24తో గుణించేద్దామంటే, అన్ని మెషీన్లూ రోజంతా ఆన్‌లో ఉండవు. ఆఫీసు మెషీన్ సాయంత్రం ఆగిపోతుంది. ఇలాంటి చోట ఐపీతో నమ్మకమైన అంకె రాదు. అప్పుడు నిజాయితీగా పరిధి చెప్పాలి: కింది హద్దు ఇంత, పై హద్దు ఇంత.

దీనికి తోడు రాత్రీపగలూ ఉన్నాయి. పీసీల బాట్‌నెట్ ఏ గంటలోనూ మొత్తం మేలుకుని ఉండదు. ఆసియా పడుకుంటే అమెరికా లేస్తుంది. అందుకే టైమ్ జోన్ల వారీగా విడదీసి, ఒక్కో ప్రాంతపు గరిష్ఠాన్ని చూడాలని 2006 నుంచే పరిశోధకులు చెబుతున్నారు. రూటర్లు, కెమెరాల బాట్‌నెట్‌లలో ఈ అలలు చాలా తక్కువ, అవి నిద్రపోవు కాబట్టి.

ఐపీ మారడం లెక్కను పెంచుతుంది. నాట్, అంటే పలు మెషీన్లు ఒకే పబ్లిక్ ఐపీని పంచుకునే ఏర్పాటు, లెక్కను తగ్గిస్తుంది. ఒక రూటర్ వెనక అయిదు మెషీన్లకు సోకినా బయటికి కనబడేది ఒక్క ఐపీ. టోర్పిగ్‌లో 78.9 శాతం మెషీన్లు ఇలా నాట్ లేదా ప్రాక్సీ వెనకే ఉన్నాయి. హెడర్‌లో బాట్ చెప్పిన ఐపీనీ, కనెక్షన్ వచ్చిన ఐపీనీ పోల్చి ఆ సంగతి పట్టుకున్నారు. ఒకటి పెంచుతుంది, ఒకటి తగ్గిస్తుంది, రెండూ కొట్టుకుపోతాయిలే అనుకునేవాళ్లున్నారు. కొట్టుకుపోవు. రోజూ ఐపీ మార్చే నెట్‌వర్క్‌లో లెక్క ఉబ్బుతుంది, మొబైల్ నెట్‌వర్క్‌లో కుంచించుకుపోతుంది. అందుకే ఐపీల లెక్క మీద తయారుచేసిన దేశాల వారీ ర్యాంకుల పట్టికలను నేను పెద్దగా నమ్మను. అవి సోకిన తీరు కంటే ఇంటర్నెట్ కంపెనీలు ఐపీలు పంచే తీరును ఎక్కువ చూపిస్తాయి. దిద్దుబాటు చేయాలంటే, గుర్తింపు సంఖ్య ఉన్న వేరే బాట్‌నెట్ డేటాతో ఒక్కో నెట్‌వర్క్‌కూ ఒక మెషీన్‌కు సగటున ఎన్ని ఐపీలో తేల్చి, ఆ నిష్పత్తితో అదే నెట్‌వర్క్ లెక్కను భాగించాలి. ప్రపంచం మొత్తానికి ఒకే నిష్పత్తి వాడకూడదు. ఐపీవీ6 (కొత్త తరహా, 128 బిట్ల ఐపీ) అయితే పూర్తి అడ్రస్ లెక్కపెట్టనే వద్దు. ప్రైవసీ కోసం మెషీన్లు రోజూ కొత్త అడ్రస్ పుట్టించుకుంటాయి. మొదటి 64 బిట్లు మాత్రమే చూడండి.

గుర్తింపు సంఖ్య ఉంటే సమస్య తీరిపోయిందా అంటే, అదీ కాదు. స్టార్మ్ అనే బాట్‌నెట్ సంగతి చూడండి. 2007లో దాని గురించి పత్రికల్లో 10 లక్షల నుంచి 5 కోట్ల దాకా అంకెలు తిరిగాయి. దాని పీర్-టు-పీర్ (మధ్యలో సర్వర్ లేకుండా బాట్లే ఒకదానితో ఒకటి మాట్లాడుకునే) నెట్‌వర్క్‌లోకి దిగి, ఒక్కో సభ్యుడినీ అడుగుతూ క్రాల్ చేసిన పరిశోధకులకు ఒకే సమయంలో ఆన్‌లైన్‌లో కనబడినవి 5,000 నుంచి 40,000. ఆ నెట్‌వర్క్‌లో ప్రతి సభ్యుడికీ 128 బిట్ల గుర్తింపు ఉండాలి, అంటే ఇద్దరికి ఒకటే రావడం అసాధ్యం. కానీ స్టార్మ్ రాసినవాళ్ల ర్యాండమ్ నంబర్ కోడ్‌లో లోపం వల్ల 32,768 గుర్తింపులు మాత్రమే పుట్టేవి. గుర్తింపులు లెక్కపెడితే ఎంత పెద్ద బాట్‌నెట్ అయినా ఆ గీత దాటదు. అయితే ఆ లోపమే ఇంకో పనికి వచ్చింది. ఆ 32,768లో లేని గుర్తింపుతో స్టార్మ్ సభ్యుడినని చెప్పుకునేది స్టార్మ్ కాదు. అది ఇంకో పరిశోధకుడో, పోటీదారుడో, లేక అదే నెట్‌వర్క్ వాడే మామూలు ఫైల్ షేరింగ్ యూజరో. అలా వడగట్టి చూస్తే, తెలిసింది ఏమిటంటే, నెట్‌వర్క్‌లో కొలిచేవాళ్ల సంఖ్యే కొలతను పాడుచేసేంతగా ఉంది.

పీర్-టు-పీర్ బాట్‌నెట్‌లకు సింక్‌హోల్ సరిపోదు, మధ్యలో సర్వరే లేదు కదా. అందుకని క్రాలర్ రాస్తారు. తెలిసిన ఒక బాట్‌ను "నీకు తెలిసినవాళ్ల పేర్లు చెప్పు" అని అడుగుతారు, వచ్చిన ప్రతివాడినీ మళ్లీ అడుగుతారు. గేమ్‌ఓవర్ జ్యూస్ అనే బాట్‌నెట్‌లో ఒక జవాబుకు పది పేర్లు వచ్చేవి. ఇక్కడ రెండు గుంటలు. మొదటిది, వచ్చిన పేర్లన్నీ బతికున్నవి కావు. లిస్టుల్లో చచ్చిపోయిన అడ్రస్‌లు రోజుల తరబడి తిరుగుతుంటాయి. మనకు స్వయంగా జవాబిచ్చినవాటినే లెక్కపెట్టాలి. రెండోది మరీ లోతైనది. నాట్ వెనక ఉన్న బాట్‌ను బయటి నుంచి ఎవరూ తట్టలేరు. 2013లో పీర్-టు-పీర్ బాట్‌నెట్‌లను పోల్చి చూసిన ఒక పరిశోధనలో, క్రాలర్‌కు అందని బాట్లు 60 నుంచి 87 శాతం అని తేలింది. అంటే ఎంత బాగా రాసిన క్రాలరైనా పదింటిలో ఒకటి నుంచి నాలుగు దాకానే చూస్తోంది.

దీనికి మందు సెన్సర్. మనమే బాట్‌లా నటించే ఒక నోడ్‌ను పబ్లిక్ ఐపీ మీద పెట్టి, దాన్ని మిగతావాళ్ల లిస్టుల్లోకి చేరనివ్వాలి. నాట్ వెనకున్న బాట్లు వాటంతట అవే వచ్చి తడతాయి. సెన్సర్ పేరు నెట్‌వర్క్ అంతటా పాకడానికి సమయం పడుతుంది. మొదటి రెండు రోజుల అంకె చూసి చిన్న బాట్‌నెట్ అనేయకూడదు. రోజువారీ కొత్త బాట్ల గీత చదునయ్యేదాకా ఆగాలి. ఒకే ఐపీ నుంచి గబగబా అడిగేవాళ్లను గేమ్‌ఓవర్ జ్యూస్ తనంతట తానే బ్లాక్‌లిస్ట్ చేసేది. కాబట్టి క్రాలర్‌ను నెమ్మదిగా, పలు ఐపీల నుంచి నడపాలి. మరీ నెమ్మదిగా నడిపితే ఒక చుట్టు పూర్తయ్యేలోపు సగం ఐపీలు మారిపోతాయి. ఈ రెండింటి మధ్య బ్యాలెన్స్ ఒక్కో బాట్‌నెట్‌కూ వేరుగా ఉంటుంది.

మూడో దారి టెలిస్కోప్. ఎవరూ వాడని ఐపీల గుత్తిని పట్టుకుని, వాటికి వచ్చే ప్యాకెట్లను వింటూ కూర్చోవడం. యాదృచ్ఛికంగా స్కాన్ చేస్తూ వ్యాపించే బాట్‌నెట్‌లకు ఇది బంగారం. 2016 ఆగస్టు 1న మొదలైన మిరాయ్ అనే రూటర్లు, కెమెరాల బాట్‌నెట్‌ను ఇలాగే కొలిచారు. పరిశోధకుల చేతిలో ఉన్న టెలిస్కోప్‌లో దాదాపు 47 లక్షల ఐపీలు. ఐపీవీ4 (పాత తరహా ఐపీ) అడ్రస్‌లు మొత్తం సుమారు 429 కోట్లు కాబట్టి, యాదృచ్ఛికంగా పంపే ప్రతి 914 ప్యాకెట్లలో ఒకటి వీళ్ల వలలో పడుతుంది. సెకనుకు పది ప్యాకెట్లు పంపే బాట్ ఉందనుకోండి. సగటున 91 సెకన్లకోసారి కనబడుతుంది. గంట బతికితే తప్పించుకోవడం దాదాపు అసాధ్యం. 91 సెకన్లే బతికితే, కనబడకపోయే అవకాశం 37 శాతం. అదే మీ దగ్గర 256 ఐపీల చిన్న గుత్తి మాత్రమే ఉంటే? అదే బాట్ సగటున 19 రోజులకోసారి కనబడుతుంది. చిన్న టెలిస్కోప్‌తో ఏ బాట్‌నెట్ వ్యాపిస్తోందో తెలుస్తుంది, ఎంతుందో తెలియదు.

మిరాయ్‌ను మిగతా స్కానర్ల నుంచి విడదీయడానికి ఒక చక్కటి గుర్తు దొరికింది. అది పంపే టీసీపీ ప్యాకెట్‌లో, యాదృచ్ఛికంగా ఉండాల్సిన సీక్వెన్స్ నంబర్, ఎవరికి పంపుతోందో ఆ ఐపీ అడ్రస్సే. మామూలు ప్యాకెట్‌లో అలా పొరపాటున రావడానికి 429 కోట్లలో ఒక్క అవకాశం. ఆ గుర్తుతో చూస్తే మొదటి 20 గంటల్లో దాదాపు 65,000 పరికరాలు, చాలాకాలం 2 నుంచి 3 లక్షల మధ్య, 2016 నవంబర్ చివర్లో గరిష్ఠంగా 6 లక్షలు. కోడ్ బయటపడ్డాక దాన్ని మార్చినవాళ్లు ఆ గుర్తును తీసేస్తే మాత్రం వాళ్ల బాట్లు ఈ లెక్కలోంచి మాయమవుతాయి. లెక్క తగ్గింది కాబట్టి బాట్‌నెట్ చచ్చిందనుకోకూడదు.

దాడి ట్రాఫిక్ చూసి వెనక్కి లెక్క కట్టడం నాలుగో దారి, అన్నిటికంటే జారుడు దారి. 2016 అక్టోబర్ 21న డిన్ అనే డీఎన్‌ఎస్ (సైట్ పేర్లను ఐపీలుగా మార్చే వ్యవస్థ) సంస్థ మీద మిరాయ్ దాడి జరిగినప్పుడు, మొదట ఆ సంస్థే కోట్లలో ఐపీలు కనబడ్డాయంది. కొన్ని రోజులకే లోతుగా చూసి, దాడి చేసినవి లక్ష దాకా ఉండొచ్చని సవరించింది. జవాబు రాక మళ్లీ మళ్లీ అడిగిన మామూలు డీఎన్‌ఎస్ రిజాల్వర్లు (యూజర్ల తరఫున పేరుకు ఐపీ వెతికే సర్వర్లు) మొదటి లెక్కలో కలిసిపోయాయి. అలాగే టెరాబిట్లను బాట్లుగా మార్చడం. సెకనుకు ఒక టెరాబిట్ దాడికి, గిగాబిట్ ఫైబర్ మీదున్న రూటర్లు వెయ్యి చాలు. పది మెగాబిట్ల కనెక్షన్లయితే లక్ష కావాలి. ఐసురు బాట్‌నెట్ గురించి 2025లో దాడులను అడ్డుకునే క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ 10 నుంచి 40 లక్షలని పరిధి ఇచ్చింది. నాలుగు రెట్ల పరిధి చూసి కొందరు నవ్వారు. నాకైతే ఒక్క అంకె చెప్పడం కంటే అదే మేలనిపించింది.

డీఎన్‌ఎస్ క్యాష్ (రిజాల్వర్ దాచి ఉంచుకున్న జవాబులు) తడిమి చూసే పద్ధతి కూడా ఉంది. ఓపెన్ రిజాల్వర్‌ను, నువ్వు వెతకొద్దు, నీ దగ్గర ఉంటే చెప్పు అని అడగడం. బాట్‌నెట్ డొమైన్ పేరు క్యాష్‌లో ఉంటే, ఆ రిజాల్వర్ వెనక కనీసం ఒక్క బాట్ ఉన్నట్టు. ఒక్కటో వెయ్యో తెలియదు. విస్తరణ చూడటానికి పనికొస్తుంది, లెక్కకు రాదు.

చివరగా, చూడని భాగాన్ని అంచనా వేసే పద్ధతి ఒకటి. చేపలకు గుర్తు వేసి వదిలి మళ్లీ పట్టే లెక్క ఇది. ఒక సింక్‌హోల్‌కు 4,000 బాట్లు, దానితో సంబంధం లేని రెండో చోట 5,000 కనబడ్డాయి, రెండింటిలోనూ ఉన్నవి 1,000 అనుకుందాం. మొదటి రెండింటినీ గుణించి మూడోదానితో భాగిస్తే 20,000. ఇప్పుడు గుర్తింపు సంఖ్యలు లేక ఐపీలతో పోల్చామనుకోండి. రెండు కొలతల మధ్య సగం ఐపీలు మారిపోయాయి. ఉమ్మడి 1,000 కాస్తా 500 అవుతుంది, అంచనా 40,000 అవుతుంది. ఉన్నట్టుండి బాట్‌నెట్ రెట్టింపైంది! దీనికి విరుద్ధంగా, రెండు వలలూ ఒకే రకం బాట్లను పట్టేవైతే, ఉమ్మడి పెరిగి అంచనా కిందికి పడుతుంది. సూత్రం అయిదో తరగతి లెక్క, దాని షరతులే కష్టం.

ఇప్పుడు సభ నుంచి వచ్చిన రెండు ప్రశ్నలు.

మొదటిది: "బాట్లు మన సర్వర్ మాట వింటున్నప్పుడు, ఒక చిన్న కమాండ్ పంపి ప్రతి మెషీన్‌లో మన గుర్తింపు సంఖ్య రాసేస్తే లెక్క తేలిపోతుంది కదా?" సాంకేతికంగా తేలుతుంది. కానీ అది ఎవరిదో కంప్యూటర్‌ను అనుమతి లేకుండా మార్చడం, చాలా దేశాల్లో నేరం. ఆ మెషీన్ ఆసుపత్రిలోదో, ఫ్యాక్టరీలోదో మీకు తెలియదు. టోర్పిగ్ పరిశోధకులు కొత్త కాన్ఫిగరేషన్ ఏదీ పంపకూడదని నియమం పెట్టుకున్నారు. ఎమోటెట్ అనే బాట్‌నెట్ మాల్‌వేర్‌ను 2021 ఏప్రిల్ 25న మెషీన్లలోంచి తొలగించిన ఫైల్ పోలీసుల చేతుల మీదుగా వెళ్లింది, పరిశోధకుల చేతుల మీదుగా కాదు. మీరు వినండి, రాసుకోండి, అంతవరకే.

రెండోది: "ఇద్దరు ముగ్గురున్న చిన్న టీం ఎక్కడ మొదలుపెట్టాలి?" డొమైన్లు పుట్టించుకునే ఒక పాత బాట్‌నెట్, పెద్దగా ఎవరూ పట్టించుకోనిది ఎంచుకోండి. రిజిస్ట్రార్‌కు ముందే చెప్పండి, లేకపోతే ఫిర్యాదులొచ్చి డొమైన్ ఆపేస్తారు. సర్వర్ గడియారం యూటీసీలో, ఎన్‌టీపీతో సరిచేసి ఉంచండి. పాస్‌వర్డ్‌ల వంటివి వస్తే డిస్క్ మీద రాయకుండా అక్కడే పారేయండి, గుర్తింపు సంఖ్యలను హ్యాష్ చేసి (తిరిగి విప్పలేని రూపంలోకి మార్చి) ఉంచండి. వచ్చిన లిస్టును రోజూ, నెట్‌వర్క్ వారీగా విడదీసి ఆయా దేశాల సెర్ట్‌లకు (కంప్యూటర్ భద్రతా స్పందన బృందాలకు) పంపండి, వారానికోసారి కాదు. ఐపీ మారిపోయాక, ఆపరేటర్ దగ్గర లాగ్ గడువు దాటాక, ఆ వరుసతో ఏ కస్టమర్‌నూ కనుక్కోలేరు.